కర్రెగుట్టల కింది బడిలో పిల్లలకు ఏం చెప్పాలి? మందుపాతరలు తీసిన దేశాల అనుభవం గురించి

వెంకటాపురం టీచర్

సభ్యులందరికీ నమస్కారం. నేను ములుగు జిల్లాలో గోదావరి ఉత్తరపు ఒడ్డున ఉన్న ఒక ప్రభుత్వ బడిలో పనిచేస్తున్నాను. మా పిల్లల్లో ఎక్కువమంది కోయవారు, కొందరు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల గూడేల నుంచి నడిచి వస్తారు. మార్చిలో ఇప్పపువ్వు ఏరడానికీ, ఎండలు ముదిరాక తునికాకు కోయడానికీ కుటుంబాలు మొత్తం తెల్లవారుజామునే అడవిలోకి వెళ్తాయి. ఐదో తరగతి పిల్లవాడు కూడా తన కట్ట తాను కట్టుకొనేంత ఆకు కోస్తాడు. ఆ డబ్బుతోనే చాలా ఇళ్లలో వానాకాలం విత్తనాలు కొంటారు కాబట్టి వెళ్లవద్దని చెప్పే అధికారం నాకు లేదు, చెప్పినా ఎవరూ వినరు.

2024 జూన్‌లో వాజేడు మండలం కొంగాల దగ్గర కట్టెల కోసం అడవిలోకి వెళ్లిన వ్యక్తి మందుపాతర పేలి చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అదే ఏడాది మే నెలలో సరిహద్దుకు అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఇద్దరు పిల్లలు పేలుడులో చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో ఆ సరిహద్దు వెంబడి ఉన్న కర్రెగుట్టల మీద బాంబులు అమర్చామని, ప్రజలు అటువైపు రావద్దని మావోయిస్టులు కరపత్రం విడుదల చేశారు. ఆ తర్వాతి నెలలో ముగ్గురు గ్రేహౌండ్స్ పోలీసులు మందుపాతర పేలి మరణించారు. ఇప్పుడు కాల్పుల వార్తలు తగ్గాయి గానీ, మట్టిలో ఉన్నది మట్టిలోనే ఉంది.

యుద్ధం ముగిసిన తర్వాత మందుపాతరలు తీసిన దేశాలు పిల్లల విషయంలో ఏం చేశాయి? దెబ్బతిన్న పిల్లలను ఎలా నిలబెట్టాయి? తునికాకు మొదలయ్యేలోపు బడిలో నేను చెప్పదగిన పాఠం ఏమిటి? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

ఓరుగల్లు కోట

టీచర్ గారూ, ముందు ప్రపంచ చిత్రం కొంత చెబుతాను, ఎందుకంటే మనది ఒంటరి సమస్య కాదు. మనుషులను చంపే మందుపాతరలను నిషేధించే ఒప్పందం మీద 1997 డిసెంబరులో కెనడాలోని ఒట్టావాలో సంతకాలు మొదలయ్యాయి, 1999 మార్చి 1న అది అమల్లోకి వచ్చింది. ఆ ఉద్యమాన్ని నడిపిన సంస్థల కూటమికీ, దాని సమన్వయకర్త జోడీ విలియమ్స్‌కూ 1997లోనే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సంతకం చేసిన దేశం తన నేలను పదేళ్లలో శుభ్రం చేయాలి, గాయపడినవారి వైద్యానికీ పునరావాసానికీ తోడ్పడాలి. భారత్, చైనా, పాకిస్తాన్, రష్యా, అమెరికా ఇందులో చేరలేదు. 2025లో ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, ఫిన్లాండ్, పోలాండ్ రష్యా భయంతో ఒప్పందం నుంచి బయటికి వస్తున్నట్టు ప్రకటించడం నాకు చాలా బాధ కలిగించింది.

మందుపాతరలు, పేలకుండా మిగిలిన బాంబుల వల్ల 2023 ఒక్క ఏడాదిలో 5,757 మంది చనిపోయారు లేదా గాయపడ్డారని ల్యాండ్‌మైన్ మానిటర్ అనే వార్షిక నివేదిక లెక్క తేల్చింది. వారిలో 84 శాతం సాధారణ పౌరులు. వయసు తెలిసిన పౌర బాధితుల్లో 37 శాతం పిల్లలు. ఒప్పందం చేరని కొండల్లో కూడా పిల్లల ప్రాణం విలువ అదే కాబట్టి, ఆ దేశాలు నేర్చుకున్న పద్ధతులు మనకు పనికొస్తాయి.

మాజీ సాపర్, కరీంనగర్

నేను సైన్యంలో ఇంజనీర్ దళంలో పనిచేసి రిటైరైన మనిషిని. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగిన తర్వాత పాకిస్తాన్ సరిహద్దు పొడవునా పంజాబ్, రాజస్థాన్, జమ్మూ పొలాల్లో లక్షల సంఖ్యలో మందుపాతరలు పాతారు. తర్వాత వాటిని తీయడం పాతినంత తేలిక కాలేదు. పాతిన చోటు పటంలో ఉన్నా, రాజస్థాన్‌లో ఇసుక కదిలి మందుపాతర చోటు మారిపోయేది. క్రమశిక్షణ గల సైన్యం, పటం గీసి, వరుసల్లో పాతినవాటికే ఆ పరిస్థితి. పటం లేకుండా, చేతికి దొరికిన సీసాలోనో స్టీలు డబ్బాలోనో పేలుడు పదార్థం నింపి దారి పక్కన పెట్టినవాటి సంగతి మీరే ఊహించండి.

ఇక్కడ రెండు రకాలను వేరుచేసి చూడాలి. మన ప్రాంతంలో చాలాకాలం తారు రోడ్ల కింద, కల్వర్టుల కింద పెట్టి, దూరం నుంచి తీగతో పేల్చినవి ఒక రకం. తీగ దగ్గర మనిషి లేకపోతే అవి సాధారణంగా పేలవు, కానీ లోపల పేలుడు పదార్థం మాత్రం ఉంటుంది. రెండో రకం మనిషి తొక్కితేనో, తీగ తగిలితేనో పేలే ప్రెషర్ బాంబు. దీనికి ఎదుట ఉన్నది పోలీసా, ఆకు కోసే ఆడపిల్లా అన్న తేడా తెలియదు. కర్రెగుట్టల వంటి చోట్ల పిల్లలకు ప్రాణాంతకమైనది ఈ రెండో రకమే.

సైన్యం గానీ పోలీసు బాంబు స్క్వాడ్ గానీ కూంబింగ్ సమయంలో చేసేది తమ బృందం నడిచేంత దారి తెరుచుకోవడం. ఊరి జనం కోసం చేసే తొలగింపు వేరు. అక్కడ అడుగు అడుగు భూమినీ నిర్ణీత లోతు వరకు వెతికి, మిగిలినది ఏమీ లేదని రాతపూర్వకంగా అప్పగించాలి. పిల్లవాడు బాట మీదే నడవడు, పిట్ట వెంట పొదలోకి వెళ్తాడు. అందుకే "దళాలు ఆ దారిలో వెళ్లి వచ్చాయి, ఇక భయం లేదు" అనే మాటను ఎవరూ నమ్మకూడదు.

మేడారం బాట

సాపర్ సార్, ఆ పనిని చేతితో చేసేటప్పుడు ఎలా చేస్తారో కొంచెం విడమరచి చెప్పగలరా? మా ఊళ్లో యువకులు "మేమే మిషన్ తెచ్చి వెతుకుతాం" అంటున్నారు. వారిని ఆపడానికైనా నాకు ఆ వివరం కావాలి.

మాజీ సాపర్, కరీంనగర్

తప్పకుండా ఆపండి. పని ఇలా సాగుతుంది. ప్రమాద ప్రాంతం అంచు నుంచి సుమారు ఒక మీటరు వెడల్పున్న పట్టీని తాళ్లతో, రంగు వేసిన పుల్లలతో గుర్తించుకుంటారు. ముందు కంటికి ఆనని తీగలు ఉన్నాయేమో సన్నని పుల్లతో మెల్లగా తడిమి చూస్తారు. తర్వాత గడ్డిని, తుప్పను చేతికత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరిస్తారు, లాగడం ఉండదు. అప్పుడు మెటల్ డిటెక్టర్ తిప్పుతారు. అది మోగిన ప్రతిచోటా, అక్కడ ఉన్నది తుప్పు పట్టిన మేకైనా, అగ్గిపెట్టె రేకైనా, మందుపాతరే అనుకొని పని చేయాలి. మోకాళ్ల మీద కూర్చొని, పక్క నుంచి, సుమారు 30 డిగ్రీల ఏటవాలుగా సన్నని ఇనుప పుల్లను మట్టిలోకి గుచ్చుతూ దగ్గరవుతారు, ఎందుకంటే పేలుడును ప్రేరేపించే భాగం సాధారణంగా పైన ఉంటుంది. మందుపాతర కనిపిస్తే ఎక్కువ సందర్భాల్లో దాన్ని ఎత్తరు, ఉన్నచోటే పేల్చి నాశనం చేస్తారు. ముఖానికి కవచం, ఛాతీకి కవచం, కూతవేటులో అంబులెన్సు తప్పనిసరి. ఇంత చేసి రోజంతా పనిచేసినా ఒక మనిషి శుభ్రం చేసేది కొద్ది పదుల చదరపు మీటర్లే.

పైగా ప్లాస్టిక్ సీసాలు, చెక్కతో చేసిన స్విచ్చులు వాడిన బాంబుల్లో లోహం అతి తక్కువ. ఎర్రనేలలో ఇనుము ఎక్కువ ఉంటే డిటెక్టర్ ఊరకే మోగుతుంది. బజారులో కొన్న మిషన్‌తో అడవిలోకి వెళ్లడం ఆత్మహత్యతో సమానం.

ఓరుగల్లు కోట

లోహం తక్కువ ఉన్నవాటిని పట్టడానికి కంబోడియాలో ఎలుకలను వాడుతున్నారు. టాంజానియాలోని మొరొగొరోలో అపోపో అనే సంస్థ ఆఫ్రికా ఖండపు పెద్ద సంచి ఎలుకలకు పేలుడు పదార్థపు వాసన పట్టడం నేర్పుతుంది. అవి ఇనుప ముక్కలను పట్టించుకోవు, బరువు తక్కువ కాబట్టి తొక్కినా మందుపాతర పేలదు. టెన్నిస్ కోర్టంత స్థలాన్ని ఎలుక అరగంటలో వెతుకుతుంది, అదే స్థలానికి డిటెక్టర్ పట్టిన మనిషికి నాలుగు రోజుల వరకు పట్టవచ్చు. మగావా అనే ఎలుక కంబోడియాలో వందకు పైగా మందుపాతరలను, పేలని బాంబులను చూపించింది. 2020లో దానికి బ్రిటన్‌లోని ఒక జంతు సంక్షేమ సంస్థ బంగారు పతకం ఇచ్చింది, 2022 జనవరిలో అది చనిపోయింది. చూపించడమే ఎలుక పని, తీసేది మాత్రం మనిషే.

అయితే అన్నిటికంటే ఎక్కువ నేలను విడిపించేది యంత్రమూ కాదు, జంతువూ కాదు, సర్వే. యుక్రెయిన్‌లో మొదట 1,74,000 చదరపు కిలోమీటర్లు ప్రమాదకరం కావచ్చని చెప్పారు. ఊరూరా తిరిగి, రైతులను అడిగి, పొలాలను పరిశీలించిన తర్వాత అది సుమారు 1,39,000 చదరపు కిలోమీటర్లకు తగ్గింది. అనుమానం ఉన్న అడవి అంతా మూసేస్తే జనం ఆకలికి తాళలేక లోపలికే వెళ్తారు. ఏ గట్టు ప్రమాదం, ఏ వాగు సురక్షితం అని విడదీసి చెప్పగలిగితేనే మాట వింటారు.

ఆ సర్వేకు మొదటి ఆధారం పాతినవారి నోటిమాటే. కొలంబియాలో ఫార్క్ తిరుగుబాటుదారులు, ప్రభుత్వం ఇంకా చర్చల్లో ఉండగానే 2015లో ఆంటియోకియా రాష్ట్రంలోని ఎల్ ఒరెహోన్ అనే పల్లెలో కలిసి తొలగింపు మొదలుపెట్టారు. పాతినవారు చోటు చూపించారు, సైన్యపు నిపుణులు తీశారు. 2016 శాంతి ఒప్పందం తర్వాత మాజీ తిరుగుబాటుదారులే శిక్షణ పొంది, హ్యూమనిసెమోస్ అనే తొలగింపు సంస్థగా ఏర్పడ్డారు. అక్కడివి కూడా మనవాటిలాగే ఇంట్లో తయారుచేసిన బాంబులు. మన దగ్గర లొంగిపోయినవారిని విలేఖరుల ముందు నిలబెట్టి, చెక్కు ఇచ్చి పంపడంతో సరిపెట్టకుండా, వారి నుంచి ఊరి పేరుతో, వాగు పేరుతో పటం గీయించాలి. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

మేడారం బాట

అన్నా, మీరు చెప్పింది న్యాయమే గానీ ఊళ్లో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అడవిలో తీగ చూసిన మనిషి ఆ మాట ఎవరితో చెప్పాలి? పోలీస్ స్టేషన్‌కు వెళ్తే నిన్నటిదాకా ఇన్‌ఫార్మర్ అనే ముద్ర పడేది, ఆ ముద్రతో మా మండలాల్లో మనుషుల ప్రాణాలే పోయాయి. వెళ్లి చెబితే "నీకెలా తెలుసు" అనే ప్రశ్న అటునుంచి వస్తుందనే భయం ఇంకొకటి. ఈ రెండు భయాల మధ్య, చూసినవాడు నోరు మూసుకొని తన పిల్లలను మాత్రం ఆ దిక్కు పోనివ్వడు. పక్క గూడెం పిల్లలకు ఆ సంగతి తెలియదు.

కాబట్టి మాట చేరవేయడానికి పోలీసు కాని మనిషి ఒకరు ఉండాలి. ఆశా కార్యకర్త కావచ్చు, బడి పంతులు కావచ్చు, ఏటూరునాగారం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మనిషి కావచ్చు. చెప్పినవారి పేరు రాసుకోకుండా, చోటు మాత్రమే రాసుకొనే పద్ధతి ఉంటే జనం నోరు విప్పుతారు.

మాజీ సాపర్, కరీంనగర్

మేడారం తమ్ముడి మాటతో ఏకీభవిస్తున్నాను. శ్రీలంక ఉత్తర ప్రాంతంలో ఇదే నమ్మకం సమస్యను ఒక మేరకు ఎలా దాటారో చెబుతాను. 2009 మేలో అక్కడ యుద్ధం ముగిసింది. మందుపాతరలు తీసే హాలో ట్రస్ట్, మ్యాగ్ వంటి సంస్థలు బయటి నుంచి మనుషులను తేకుండా స్థానిక తమిళులనే, అందులోనూ భర్తను కోల్పోయి ఇల్లు నడుపుతున్న మహిళలను పెద్ద సంఖ్యలో పనిలోకి తీసుకున్నాయి. ముహమాలై రణరంగంలో ఏళ్ల తరబడి మట్టిని వెతికినవారిలో వారు ఉన్నారు. తన ఊరి పొలాన్ని తాను శుభ్రం చేసినప్పుడు ఊరు ఆ నేల మీద అడుగు పెడుతుంది. మన దేశం తరఫున కూడా హొరైజన్, సర్వత్ర అనే సంస్థల ద్వారా మాజీ సైనిక ఇంజనీర్లు అక్కడికి వెళ్లి పనిచేశారు. అంటే ఈ పని తెలిసిన మనుషులు మన దేశంలోనే ఉన్నారు.

ఎర్బిల్ నుంచి జగిత్యాలవాసి

నేను ఇరాక్‌లోని ఎర్బిల్‌లో నిర్మాణ పనిలో ఉన్నాను. మన జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని మీకు తెలుసు. ఇరాన్ సరిహద్దు కొండల్లో 1980 నుంచి 1988 వరకు జరిగిన యుద్ధంలో పాతిన మందుపాతరలు ఇప్పటికీ ఉన్నాయి, పెంజ్విన్, చోమాన్ వైపు మరీ ఎక్కువ. మ్యాగ్ సంస్థ 1992 నుంచి ఇక్కడ తీస్తూనే ఉంది.

టీచర్ గారి ప్రశ్న చదవగానే నాకు తట్టింది ఏమిటంటే, ఇక్కడ కూడా ఎండాకాలానికి ముందే ప్రమాదం పెరుగుతుంది. మార్చి 21న నౌరోజ్ పండుగకు కుటుంబాలన్నీ కొండలకు వెళ్తాయి, కొండల్లో పెరిగే ఆకుకూరలు ఏరుకుంటాయి. అందుకే హెచ్చరికలు, బడుల్లో పాఠాలు ఆ పండుగకు ముందే జోరుగా సాగుతాయి. మీ తునికాకుకు ముందు మీరు చేయాలనుకుంటున్నది సరిగ్గా అదే పద్ధతి.

సులేమానియాలో ఎమర్జెన్సీ అనే ఇటలీ సంస్థ 1998 నుంచి ఒక పునరావాస కేంద్రం నడుపుతోంది. అక్కడ కృత్రిమ కాళ్లు, చేతులు తయారుచేయడంతో ఆగరు. కుట్టుపని, తోలుపని, వడ్రంగం వంటివి నేర్పి, నేర్చుకున్నవారు కలిసి దుకాణం పెట్టుకోవడానికి కూడా సాయం చేస్తారు. కాలు వచ్చినంత మాత్రాన బతుకుదెరువు రాదని వాళ్లు మొదటి నుంచీ గుర్తించారు.

ఎముకల డాక్టరు, హన్మకొండ

ఇంతవరకు నేల గురించి చక్కగా రాశారు. పిల్లల శరీరం గురించి నేను రాస్తాను, ఎందుకంటే పిల్లవాడిని చిన్న సైజు పెద్దవాడిగా చూడటం వల్ల మన ఆసుపత్రుల్లో జరిగే నష్టం చాలా పెద్దది.

మందుపాతర పేలినప్పుడు పెద్దవాడి పాదం, పిక్క పోతే, అదే పేలుడుకు పొట్టిగా ఉన్న పిల్లవాడి పొట్ట, ఛాతీ, ముఖం కూడా దెబ్బతింటాయి. ఒంట్లో రక్తం తక్కువ కాబట్టి పెద్దవాడు తట్టుకొనే రక్తస్రావానికే పిల్లవాడు చనిపోతాడు. వెంకటాపురం నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వంద కిలోమీటర్లకు పైగా దారి ఉంది. కాబట్టి రక్తం ఆపడం ఊళ్లోనే జరగాలి. శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి, రెండు చేతులతో, బండి వచ్చేవరకు వదలకుండా గట్టిగా నొక్కిపట్టడం ప్రతి ఆశా కార్యకర్తకూ, ప్రతి ఉపాధ్యాయుడికీ నేర్పాలి. అలా నొక్కినా రక్తం ఆగకపోతే గాయానికి కాస్త పైన, ఒంటి వైపు వెడల్పాటి గుడ్డ బిగించి, బిగించిన సమయం రాసిపెట్టాలి. ఇవన్నీ పిల్లవాడిని సురక్షితమైన దారిన బయటికి తెచ్చిన తర్వాతే.

పేలుడు మట్టినీ, గడ్డినీ, చెప్పు ముక్కలనూ కండరాల్లోకి లోతుగా తోస్తుంది. అలాంటి గాయాన్ని మొదటి రోజే కుట్టి మూసేస్తే చీము పట్టి, ఇంకా పైకి కోయవలసి వస్తుంది. చనిపోయిన కండను తీసి, తెరిచే ఉంచి, నాలుగైదు రోజుల తర్వాత మూయడం సరైన పద్ధతి.

ఇక కోత ఎక్కడ పెట్టాలనేది పిల్లల విషయంలో జీవితకాలపు నిర్ణయం. తొడ ఎముక ఎదుగుదలలో సుమారు 70 శాతం మోకాలి దగ్గరి ఎదుగుదల పలక నుంచే వస్తుంది. ఆరేళ్ల పిల్లకు తొడ మధ్యలో కోస్తే, ఆమె ఇరవై ఏళ్లకు వచ్చేసరికి మిగిలిన మొండి భాగం కృత్రిమ కాలును పట్టుకోలేనంత పొట్టిగా మిగులుతుంది. మోకాలి కీలు దగ్గరే విడదీయగలిగితే ఆ పలక బతుకుతుంది. మోకాలి కింద కోసినప్పుడు మరో ఇబ్బంది ఉంది. చర్మం కంటే ఎముక వేగంగా పెరిగి కొన వద్ద పొడుచుకొని వస్తుంది, మళ్లీ ఆపరేషన్ చేయాలి. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పకపోతే, రెండో ఆపరేషన్ అనగానే మొదటిది చెడిపోయిందని భయపడి ఆసుపత్రికి రావడం మానేస్తారు.

పెద్దవారికి కృత్రిమ కాలు మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. ఎదిగే పిల్లలకు ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి. పదేళ్ల పిల్లవాడికి జీవితంలో సుమారు 25 కృత్రిమ కాళ్లు అవసరమవుతాయని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ అంచనా. ఒక శిబిరంలో ఒక కాలు ఇచ్చి ఫోటో తీసుకున్న తర్వాత మిగిలిన కాళ్ల సంగతి ఎవరు చూస్తారు? పొట్టిదైన కాలును బలవంతంగా తొడుక్కొన్న పిల్లల నడుము వంకరపోవడం నేను చూస్తున్నాను. చివరికి వారు దాన్ని మూలన పడేసి కర్రతో నడుస్తారు, బడి మానేస్తారు. నాకు ఈ విషయంలో చాలా కోపం ఉంది, దాన్ని దాచుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

వెంకటాపురం టీచర్

డాక్టరు గారూ, మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. మా పిల్లలు చెప్పులు లేకుండా నడుస్తారు, నాట్ల రోజుల్లో బురదలో దిగుతారు, నేల మీదే కూర్చుంటారు. అలాంటి జీవితానికి సరిపోయే కాలు ఉందా?

ఎముకల డాక్టరు, హన్మకొండ

ఉంది, మన దేశంలోనే పుట్టింది. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథి కలిసి తయారుచేసిన జైపూర్ కాలు సరిగ్గా ఈ అవసరం నుంచే వచ్చింది. రబ్బరు పాదం కాబట్టి బూటు అక్కరలేదు, నీళ్లలో తడిసినా పాడవదు, గొంతుకు కూర్చోవచ్చు, పొలం గట్టు ఎక్కవచ్చు. సేథి గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆఫ్ఘనిస్తాన్, కంబోడియా మందుపాతర బాధితులు వేలమంది దీనితో నడిచారు. 1975లో జైపూర్‌లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీన్ని ఉచితంగా అమరుస్తుంది. కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలింకో కూడా అడిప్ పథకం కింద ఉపకరణాలు ఇస్తుంది. కాలు దొరకడం కష్టం కాదు. పిల్లవాడు పెరుగుతున్న కొద్దీ ఏడాదికోసారి అతడిని వెతుక్కుంటూ వచ్చే మనిషి దొరకడమే కష్టం.

భవిత కేంద్రం నుంచి

ఆ మనిషి ఉండవలసిన చోటు మాదే అనుకుంటాను. నేను ఒక మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు బోధిస్తాను, కాబట్టి కాగితాల పని గురించి తెలిసినది రాస్తాను.

మొదట వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ అని తేలితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు, తర్వాత ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ వర్తిస్తాయి. దివ్యాంగుల ఆసరా పింఛనును 2023లో 4,016 రూపాయలకు పెంచారు. సమగ్ర శిక్ష కింద మా దగ్గర ఫిజియోథెరపీ, బడికి రానుపోను ఖర్చు, ఆడపిల్లలకు స్టైపెండ్ ఉంటాయి.

చాలామందికి తెలియని మరో పథకం ఉంది. ఉగ్రవాదం, నక్సలైట్ హింస, సరిహద్దు కాల్పులతో పాటు మందుపాతర, బాంబు పేలుళ్లలో నష్టపోయిన పౌరుల కోసం కేంద్ర హోంశాఖ పథకం అది. మరణించినా, 50 శాతం లేదా అంతకు మించి శాశ్వత వైకల్యం కలిగినా 5 లక్షల రూపాయల సాయం ఉంటుంది. దరఖాస్తు కలెక్టరు కార్యాలయం ద్వారా వెళ్లాలి, దానికి ఎఫ్ఐఆర్ ప్రతి, వైద్య ధ్రువపత్రం కావాలి. కాబట్టి గాయపడిన రోజు గందరగోళంలో కూడా ఆసుపత్రి కాగితాల మీద "పేలుడు వల్ల గాయం" అని రాయించుకోవడం మరువవద్దు. "కింద పడి గాయం" అని భయంతో రాయించుకున్న కుటుంబం తర్వాత ఏ పథకానికీ నోచుకోలేదు.

గొత్తికోయ కుటుంబాలకు ఇక్కడ కుల ధ్రువపత్రం దొరకడం కష్టం, కొందరికి ఆధార్ కూడా ఉండదు. అడవి లోపల నివసించే ఈ పిల్లలకే ప్రమాదం ఎక్కువ, కాగితం తక్కువ. పిల్లవాడు గాయపడక ముందే ఆధార్ చేయించడం కూడా సహాయంలో భాగమే.

మరో మాట. గాయపడిన పిల్లవాడు బడికి తిరిగి వచ్చిన మొదటి వారం చాలా ముఖ్యం. తోటి పిల్లలు తెగిన కాలు మొండిని చూసి బెదరకుండా వారితో ముందే మాట్లాడాలి. పెద్ద చప్పుడు వినగానే బల్ల కింద దూరే పిల్లవాడిని, పక్క తడుపుకొనే పిల్లవాడిని మందలించకూడదు. పేలుడు కళ్లారా చూసి, ఒంటిమీద గీత కూడా పడని పిల్లలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2008 నాటి క్లస్టర్ బాంబుల ఒప్పందం గాయపడినవారితో పాటు వారి కుటుంబాన్నీ, ఊరినీ బాధితులుగానే గుర్తించింది. ఆ నిర్వచనం మన పథకాల్లోకి కూడా రావాలని నేను బలంగా కోరుకుంటున్నాను.

వెంకటాపురం టీచర్

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవాటి నుంచి పాఠం ముసాయిదా రాశాను. తెలుగులోనూ, మా బడిలోని కోయ యువతి సాయంతో కోయ భాషలోనూ చెప్పిస్తాను, ఎందుకంటే చిన్న తరగతుల పిల్లలకు తెలుగు ఇంకా సరిగా అందదు.

"అడవిలో మీది కాని డబ్బా, సీసా, టిఫిన్, బ్యాటరీ, తీగ కనిపిస్తే ముట్టుకోకూడదు, రాయి విసరకూడదు, కర్రతో పొడవకూడదు. కొత్తగా తవ్వి పూడ్చినట్టున్న మట్టి మీద, పశువు చచ్చి పడి ఉన్న చోట నడవకూడదు. అందరూ నడిచే బాట వదలకూడదు, మేక తప్పిపోయినా సరే. అనుమానం వచ్చిన చోట కదలకుండా నిలబడి, పక్కవారిని కూడా నిలబడమని అరవాలి. నేల మీద మన అడుగుజాడలు స్పష్టంగా కనిపిస్తుంటే వాటి మీదే వెనక్కి రావాలి, కనిపించకపోతే పెద్దలు వచ్చేవరకు అక్కడే ఉండాలి. తోటివాడు గాయపడి అరుస్తున్నా పరుగెత్తి వెళ్లకూడదు."

చివరి వాక్యం పిల్లలకు చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంది. అన్న పడిపోతే చెల్లి పరుగెత్తకుండా ఎలా ఉంటుంది?

మాజీ సాపర్, కరీంనగర్

ఉండలేదు, పెద్దవాళ్లే ఉండలేరు. ఒక పేలుడు జరిగిన చోట రెండోది కూడా ఉండవచ్చు, కాపాడటానికి వెళ్లి చనిపోయినవారు ప్రతి దేశంలోనూ ఉన్నారు. అందుకే "వెళ్లకూడదు" అని ఆపేయకుండా, ఆ చెల్లికి చేయడానికి ఒక పని ఇవ్వండి. ఉన్నచోటే నిలబడి అన్న పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి, "కదలకు, గుడ్డతో గాయం గట్టిగా పట్టుకో, పెద్దవాళ్లు వస్తున్నారు" అని చెబుతూ ఉండాలి. తాను వచ్చిన బాట మీద ఉన్న మరొకరు ఊళ్లోకి వెళ్లి చెప్పాలి. ఇది మాటలతో రాదు, ఆటస్థలంలో సున్నంతో గీతలు గీసి మళ్లీ మళ్లీ ఆడించాలి.

ఇంకొక సూచన. అసలు బాంబుల నమూనాలు చేసి పిల్లల చేతికి ఇవ్వవద్దు, పట్టుకొని చూసే అలవాటు పడుతుంది. ఆఫ్ఘనిస్తాన్‌లో సోవియట్ సైన్యం విమానాల నుంచి చల్లిన ప్లాస్టిక్ మందుపాతరలు సీతాకోకచిలుక ఆకారంలో ఉండటం వల్ల బొమ్మలనుకొని తీసుకున్న పిల్లలు చేతులు, చూపు పోగొట్టుకున్నారు. గోడ మీద బొమ్మ గీస్తే, బొమ్మ పక్కన దూరంగా ఆగిపోయిన పిల్లలను కూడా గీయండి.

మేడారం బాట

టీచర్ గారూ, తునికాకు కల్లాల దగ్గర సాయంత్రం కట్టలు లెక్కపెట్టేటప్పుడు ఊరంతా ఒకచోట చేరుతుంది, పిల్లలతో సహా. బడిలో చెప్పిన పాఠాన్ని అక్కడ పెద్దల ముందు పిల్లల చేతే ఆడిద్దాం. మా యువకుల్లో కొందరిని డిటెక్టర్ ఆలోచన మాన్పించి ఈ పనికి ఒప్పించాను. కల్లం కాంట్రాక్టరుతో నేను మాట్లాడతాను. కోయ మాటలు పాటగా కట్టగలిగే పెద్దాయన ఒకరు మా దగ్గర ఉన్నారు, మీ ముసాయిదా ఆయనకు చదివి వినిపిస్తాను.

ఎముకల డాక్టరు, హన్మకొండ

ఆశా కార్యకర్తలకు రక్తస్రావం ఆపే శిక్షణ ఇవ్వడానికి నేను ఆదివారాల్లో రాగలను. మండల వైద్యాధికారి అనుమతి లేఖ సిద్ధం చేయించి తేదీ చెప్పండి. భవిత కేంద్రం మేడమ్, మీ మండలంలోనూ పక్క మండలాల్లోనూ ఇప్పటికే కాలు కోల్పోయిన పిల్లలు, ఏ కారణం వల్ల అయినా సరే, ఎవరెవరు ఉన్నారో వయసు, చివరిసారి కాలు మార్చిన నెల మాత్రం రాసి ప్రైవేటు సందేశంలో పంపండి. పేర్లు ఈ వేదిక మీద పెట్టవద్దు.

భవిత కేంద్రం నుంచి

పంపుతాను డాక్టరు గారూ. కొత్త కాలు కొలతలకు వారిని హైదరాబాద్ పంపనవసరం లేకుండా ములుగులోనే ఒకరోజు కొలతలు తీసుకొనేలా చూడగలిగితే, కూలి పోతుందని ఆగిపోయిన తల్లిదండ్రులు కూడా వస్తారు. ఆ రోజు తునికాకు కోత ముగిసిన తర్వాత పెట్టుకుందాం, కోత నడిచేటప్పుడు ఎవరూ ఊరు దాటరు.